లోహనాదం వెనుక నలుగురు కార్మికవాడ యువకులు

సంగీతం మానవజాతి ఉమ్మడి ఆస్తి అని పెద్దలు చెబుతారు. కాని ఆ ఆస్తిలో అందరి వాటానూ మనం ఒకే విధంగా గౌరవిస్తున్నామా? త్యాగరాజ కీర్తన వినిపిస్తే చేతులు జోడిస్తాం. ఉర్సు రాత్రి ఖవ్వాలీ వినిపిస్తే తల ఊపుతాం. చందానగర్ నుండి హైటెక్ సిటీకి పోయే లోకల్ రైలులో ఒక యువకుని ఇయర్‌ఫోన్ల నుండి హెవీ మెటల్ సంగీతం లీలగా వినవచ్చిందా, "ఇది సంగీతమా, రేకుల కార్ఖానాయా?" అని ముఖం చిట్లిస్తాం.

విచిత్రమేమంటే, ఆ పరిహాసంలో అడిగినవారికి తెలియని సత్యం ఒకటి దాగి ఉన్నది. ఆ సంగీతానికి దాని ప్రత్యేక రూపం నిజంగానే ఒక రేకుల కార్ఖానాలో ప్రారంభమైంది. అక్కడ ఒక పదిహేడేళ్ళ కుర్రవాని రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఆ తెగిన వేళ్ళతో అతడు కనిపెట్టుకొన్న వాదన పద్ధతియే తరువాత ప్రపంచమంతటా వ్యాపించింది. హెవీ మెటల్‌కు ఆద్యులుగా ఎక్కువమంది అంగీకరించే 'బ్లాక్ సబాత్' బృందాన్ని గురించి, ముఖ్యంగా దాని వెనుక నిలిచిన వాద్యకారులను గురించి విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆస్టన్ వాడ

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ యంత్ర పరిశ్రమలకు ప్రసిద్ధి చెందిన నగరం. అందులో ఆస్టన్ ఒక కార్మికవాడ. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీ విమానాలు ఆ నగరంపై బాంబులు కురిపించాయి. యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళ వరకు కూలిన ఇళ్ళ శిథిలాలే అక్కడి పిల్లలకు ఆటస్థలాలు. ఈ వాడలోనే పెరిగిన టోనీ అయోమీ, బిల్ వార్డ్, ఆజీ ఆస్‌బర్న్ 1948లో జన్మించారు. 1949లో గీజర్ బట్లర్ జన్మించాడు.

అయోమీ ఇటలీ మూలాలు గల కుటుంబంలో ఏకైక సంతానం. బట్లర్ ఐర్లండు నుండి వచ్చిన కాథలిక్ దంపతుల ఏడవ బిడ్డ. ఆస్‌బర్న్ తండ్రి పనిముట్లు తయారుచేసే కార్మికుడు. రాత్రి పాళీ చేసేవాడు. తల్లి మోటారు విడిభాగాల కర్మాగారంలో పనిచేసేది. ఆస్‌బర్న్‌కు అక్షరాలు తడబడే డిస్‌లెక్సియా ఉండేది. పదిహేనేళ్ళకే బడి మాని, కబేళాలో పనిచేశాడు. కార్ల హారన్ల శ్రుతి సరిచూసే ఉద్యోగం చేశాడు. చిల్లర దొంగతనం చేసి కొన్ని వారాలు జైలులోనూ ఉన్నాడు. బట్లర్ కొంతకాలం లెక్కల గుమాస్తాగా శిక్షణ పొందాడు. వీరిలో ఎవ్వరికీ సంగీత పాఠశాల చదువు లేదు.

తెగిన వేళ్ళు

అయోమీ ఎడమచేతి వాటం గలవాడు. గిటార్ వాయించేవారు ఒక చేతితో తీగలను మీటుతారు, మరొక చేతి వేళ్ళతో తీగలను మెట్లపై అదుముతారు. ఇతడు ఎడమచేత మీటి, కుడిచేత అదిమేవాడు. స్వరాన్ని పుట్టించే ఆ అదుముడు కుడిచేతి వేళ్ళ కొసలపైననే ఆధారపడి ఉండేది.

1965లో అతనికి ఐరోపా పర్యటనకు వెళ్ళే ఒక బృందంలో అవకాశం వచ్చింది. రేకుల కర్మాగారంలో అది అతని చివరి రోజు. మధ్యాహ్న భోజనానికి ఇంటికి వచ్చినవాడు ఇక తిరిగి వెళ్ళననగా, పనిని సగంలో వదలవద్దని తల్లి మందలించి పంపింది. అతని మామూలు పని వెల్డింగు. రేకులను ప్రెస్సు యంత్రంపై వంచి అందించే వ్యక్తి ఆనాడు రాలేదు. తనకు అలవాటు లేని ఆ యంత్రం ముందు అయోమీని నిలబెట్టారు. యంత్రం అతని కుడిచేతిపై పడింది. ఉలికిపడి చేతిని లాగుకోగా మధ్యవేలి కొస, ఉంగరపు వేలి కొస తెగిపోయాయి.

ఇక గిటార్ ఆశ వదలుకోవలసిందేనని వైద్యులు తేల్చారు. నిరాశలో మునిగి ఇంట కూర్చున్న ఆ కుర్రవాని వద్దకు కర్మాగారంలోని పై అధికారి ఒక గ్రామఫోను రికార్డు తెచ్చి వినమన్నాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాదనం. రోమానీ జాతికి చెందిన రైన్‌హార్ట్ 1928లో తన బండి ఇల్లు తగలబడినప్పుడు ఎడమచేయి కాలి, రెండు వేళ్ళ వాడకం దాదాపు కోల్పోయినవాడు. మిగిలిన రెండు వేళ్ళతోనే స్వరాలను పరుగెత్తించి ఐరోపా జాజ్ సంగీతంలో అగ్రస్థానం పొందాడు. ఈ సంగతి విన్న అయోమీకి ప్రాణం లేచి వచ్చింది.

అతడు చేసినది చూడండి. గిన్నెలు కడిగే ద్రవం ఉండే ప్లాస్టిక్ సీసాను కరిగించి ఉండ చేశాడు. వేడి ఇనుముతో దానికి రంధ్రం పెట్టి, గరుకు కాగితంతో అరగదీసి, వేలికి తొడుగుకొనే టోపీలుగా మలిచాడు. తీగపై జారిపోకుండా వాటికి పాత చొక్కాయి తోలు ముక్కలు అంటించాడు. దళసరి తీగలు నొక్కితే నొప్పి కలిగేది. సన్నని గిటార్ తీగల జతలు ఆనాడు అంగట్లో దొరికేవి కావు. కనుక బాంజో అనే వాద్యపు తీగలను తెచ్చి గిటార్‌కు బిగించాడు. మరికొంత కాలానికి తీగల బిగువునే తగ్గించి వాయించసాగాడు. ఇవన్నీ నొప్పికి విరుగుడుగా చేసిన పనులు. ఒక కొత్త సంగీతశైలికి పునాది వేస్తున్నానని అతనికి అప్పుడు తెలియదు.

స్వరశాస్త్ర దృష్టితో

ఆ పద్ధతులు వినికిడిని ఎలా మార్చాయో మన స్వరాల పరిభాషలో చెప్పుకొంటే సులభంగా బోధపడుతుంది.

మొదటిది శ్రుతి. 1971లో వెలువడిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' అనే ఆల్బంలోని పలు పాటలలో అయోమీ గిటార్‌ను మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. బిగువు తగ్గిన తీగ వేలికి మెత్తగా లొంగుతుంది. అదే సమయంలో నాదం మంద్రంగా, బరువుగా పలుకుతుంది. బట్లర్ కూడా తన బేస్ గిటార్‌ను అదే మేరకు దించాడు. హెవీ మెటల్‌లో వినిపించే ఆ బరువుకు ఒక కారణం ఇది. ఈనాటికీ ఆ శైలి వాద్యకారులు తీగలు దించి వాయించడం సామాన్యం.

రెండవది స్వరాల జంట. పాశ్చాత్య సంగీతంలో మూడు, నాలుగు స్వరాలను ఒకేసారి పలికించడం ఆచారం. దెబ్బతిన్న వేళ్ళతో అన్ని తీగలను ఒకేసారి అదమడం కష్టం. కనుక అయోమీ షడ్జమ పంచమాలు రెండింటినే జోడించే పద్ధతిపై ఎక్కువగా ఆధారపడ్డాడు. ఆ జంట అతని కంటె ముందే వాడుకలో ఉన్నది. దానిని తన శైలికి వెన్నెముకగా చేసుకొన్నవాడు అతడు. ఇందులో భౌతికశాస్త్ర రహస్యం ఒకటి ఉన్నది. ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి నడిపిస్తే ధ్వని తరంగాల శిఖరాలు నరికివేసినట్లయి, గరుకైన నాదం పుడుతుంది. అట్టి స్థితిలో రెండు స్వరాలు కలిస్తే వాటి పౌనఃపున్యాల భేదానికి సమానమైన మూడవ స్వరం కూడా పుడుతుంది. షడ్జమ పంచమాల నిష్పత్తి 2:3. భేదం 1. అనగా పుట్టే మూడవ స్వరం మంద్రస్థాయి షడ్జమమే. వాద్యకారుడు రెండు స్వరాలు వాయిస్తే, వాటికి కింద పునాది స్వరం దానంతటదే మోగుతుంది! అదే గాంధారాన్ని చేర్చితే, గిటార్ మెట్లపై గాంధారం శుద్ధ నిష్పత్తికి కొంచెం దూరంగా ఉండటం వల్ల నాదం కలుషితమై గజిబిజి అవుతుంది. గాయం అతనిని నడిపించిన దారి, శాస్త్రం చూపే దారి ఇక్కడ కలిశాయి.

మూడవది, అన్నిటికంటె ప్రసిద్ధమైనది, ప్రతిమధ్యమం. బృందం పేరే పేరుగా గల మొదటి పాటలో ముఖ్య స్వరవాక్యం మూడు స్వరాలే: షడ్జమం, తారషడ్జమం, అక్కడి నుండి దిగి ప్రతిమధ్యమం. హోల్స్ట్ అనే ఆంగ్ల స్వరకర్త రచించిన 'మార్స్' అనే వాద్య రచనపై బట్లర్‌కు గల మక్కువ నుండి ఈ స్వరవాక్యం పుట్టిందంటారు. షడ్జమ ప్రతిమధ్యమాల మధ్య దూరాన్ని పాశ్చాత్య పండితులు కొందరు 'సంగీతంలోని సైతాను' అని వ్యవహరించారు. మధ్యయుగాలలో చర్చి దీనిని నిషేధించిందన్న కథ ప్రచారంలో ఉన్నది కాని, దానికి గట్టి ఆధారం లేదు.

మనకు మాత్రం ఈ స్వరం భయంకరం కాదు. కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్తలలో సగం, అనగా 36, ప్రతిమధ్యమ మేళకర్తలే. కల్యాణి రాగానికి, హిందుస్తానీలోని యమన్‌కు జీవం ఈ స్వరమే. అదే స్వరం యమన్‌లో సంధ్యాశాంతిని, బ్లాక్ సబాత్ పాటలో గగుర్పాటును కలిగించడం ఎలా సాధ్యం? యమన్‌లో గాంధార పంచమాలు దానిని ఇరువైపులా పట్టుకొని నడిపిస్తాయి. తీవ్ర మధ్యమం పంచమానికి చేరి విశ్రమిస్తుంది. ఇక్కడ దానిని ఒంటరిగా, విలంబంగా, మంద్రనాదంపై వదలివేశారు, విశ్రాంతిస్థానం లేదు. దోషం స్వరానిది కాదు, గుణమూ స్వరానిది కాదు. ఏ సహవాసంలో నిలిపామన్నదే ముఖ్యం.

గాయకుని వెనుక

1968లో ఆస్‌బర్న్ తనకు సొంత మైకు సెట్టు ఉన్నదని, పాడటానికి అవకాశం కావలెనని వాద్యాల దుకాణంలో ప్రకటన పెట్టాడు. దానిని చూసి వార్డ్‌తో కలిసి వచ్చిన అయోమీకి ఆస్‌బర్న్ పాత బడి పరిచయస్థుడని తెలిసింది. బట్లర్ కూడా కలిసి బృందం ఏర్పడింది. ఒకటి రెండు పేర్లు మారి 1969లో బ్లాక్ సబాత్ అయింది. ఆ పేరు ఒక భయానక చలనచిత్రానిది. భయపడటానికి జనం డబ్బిచ్చి మరీ వెళుతున్నారే, భయపెట్టే సంగీతం ఎందుకు ఉండకూడదని వారు ఆలోచించారు.

ప్రపంచానికి ఎక్కువగా తెలిసిన ముఖం ఆస్‌బర్న్‌ది. కాని అతడు పాడిన మాటలలో అత్యధిక భాగం వ్రాసినవాడు వేదికపై పక్కకు నిలిచి బేస్ వాయించే బట్లర్. స్వరవాక్యాలు అయోమీవి. బిల్ వార్డ్ చిన్ననాటి నుండి జాజ్ బృందాలను, జీన్ క్రూపా వంటి డ్రమ్స్ విద్వాంసులను విని పెరిగినవాడు. అందుచేత అతని లయ యంత్రంలా ఒకే తీరుగా కొట్టుకొనేది కాదు. పాట ఊపిరితో పాటు వెనుకాడుతూ, ముందుకు దూకుతూ సాగేది. ఖవ్వాలీలో ముఖ్య గాయకుని వెనుక హమ్‌నవాలు పదాన్ని అందుకొని, చప్పట్లతో మోయకపోతే గాయకుడు ఎంతటివాడైనా ఏమి చేయగలడు? ఇక్కడా అంతే.

విద్యార్థులు గమనించవలసిన మరొక సంగతి ఉన్నది. 1968 చివరలో అయోమీ కొద్ది కాలం జెత్రో టల్ అనే పేరున్న బృందంలో పనిచేసి తిరిగి వచ్చాడు. అక్కడ అతడు నేర్చినది ప్రధానంగా క్రమశిక్షణ. సాధనను ఉద్యోగంలా ఉదయమే మొదలుపెట్టాలని మిత్రులకు చెప్పి అమలుపరిచాడు. ఆ సాధన ఫలితమే మొదటి ఆల్బం. 1969 అక్టోబరు 16న లండన్‌లో దానిని ఇంచుమించు ఒక్క రోజులో ధ్వనిముద్రణ చేశారు. 1970 ఫిబ్రవరి 13న అది విడుదలై బ్రిటన్ పట్టికలో 8వ స్థానం పొందింది. అదే సంవత్సరం సెప్టెంబరులో వచ్చిన రెండవ ఆల్బం 'పారనాయిడ్' మొదటి స్థానానికి చేరింది. పత్రికా విమర్శకులు చాలామంది ఎగతాళి చేశారు, శ్రోతలు ఆదరించారు.

సైతాను అనే నింద

బృందం పేరు, నల్లని ముఖచిత్రాలు చూసి వీరు సైతాను ఆరాధకులన్న అపవాదు వ్యాపించింది. మొదటి ఆల్బం లోపలి అట్టపై తలక్రిందులైన శిలువను ముద్రించినది రికార్డు కంపెనీ. అది బృందానికి తెలియకుండా జరిగిన పని. వాస్తవంలో వారి మెడలలో వేలాడిన శిలువలను అల్యూమినియంతో చేసి ఇచ్చినవాడు ఆస్‌బర్న్ తండ్రి. కార్మికుడైన తండ్రి బిడ్డల రక్షణకై చేసిన వస్తువును చూసి లోకం వారిని దైవద్రోహులన్నది!

పాటల అర్థం చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. 'వార్ పిగ్స్' యుద్ధాలను ప్రారంభించి పేదల బిడ్డలను చావుకు పంపే అధికారులను ఖండించిన పాట. వియత్నాం యుద్ధకాలంలో వచ్చింది. 'హ్యాండ్ ఆఫ్ డూమ్' ఆ యుద్ధం నుండి మాదకద్రవ్యాల బానిసలై తిరిగివచ్చిన సైనికుల దుర్గతిని చెబుతుంది. 'చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్' అణ్వాయుధాల నీడలోని యువతరాన్ని శాంతివైపు పిలుస్తుంది. 'ఆఫ్టర్ ఫరెవర్' దైవవిశ్వాసాన్ని సమర్థించే పాట. పేరును బట్టి, వేషాన్ని బట్టి ఒక సమూహమంతటిపై ముద్ర వేయడం ఎంత అన్యాయమో అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే వారిలో దోషాలు లేవని చెప్పడం సత్యదూరం. గంజాయిని పొగడిన పాట కూడా వారు చేశారు. మద్యం, మాదకద్రవ్యాలు ఆ బృందాన్ని లోపలి నుండి తిన్నాయి. 1979లో ఆస్‌బర్న్‌ను తొలగించారు. 1980లో వార్డ్ పర్యటన మధ్యలో వెళ్ళిపోయాడు. రానీ జేమ్స్ డియో గాయకుడుగా అదే సంవత్సరం 'హెవెన్ అండ్ హెల్' ఆల్బం విజయం పొందినా, తరువాత మనుషులు మారుతూనే ఉన్నారు. మొదటి నుండి చివరి దాకా నిలిచినవాడు అయోమీ ఒక్కడే. హ్యాండ్ ఆఫ్ డూమ్ పాటలో ఇతరులకు చేసిన హెచ్చరికను తామే పాటించలేకపోవడం వారి జీవితాలలోని విషాదం.

పునస్సమాగమం

1997లో నలుగురూ తమ ఊరిలో మళ్ళీ కలిసి వాయించారు. 2012లో అయోమీకి లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నట్లు బయటపడింది. చికిత్స పొందుతూనే అతడు 2013లో '13' అనే ఆల్బం పూర్తిచేశాడు. ఒప్పందంపై విభేదం వల్ల అందులో వార్డ్ లేడు. 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో జరిగిన వీడ్కోలు కచేరీలోనూ అతని స్థానంలో మరొకరు వాయించారు. పునాది రాళ్ళలో ఒకటి లేని వీడ్కోలు అసంపూర్ణమని శ్రోతలు బాధపడ్డారు.

ఆ లోటు 2025 జులై 5న తీరింది. ఆస్టన్‌లోని విల్లా పార్కు మైదానంలో నలుగురూ కలిశారు. పార్కిన్సన్ వ్యాధితో నడవలేని స్థితిలో ఉన్న ఆస్‌బర్న్ సింహాసనంపై కూర్చొని పాడాడు. ఆనాటి ఆదాయాన్ని పార్కిన్సన్ వ్యాధి పరిశోధనకు, బర్మింగ్‌హామ్‌లోని పిల్లల వైద్యశాలకు, పిల్లల ఉపశమన ఆశ్రమానికి కేటాయించారు. పదిహేడు రోజుల తరువాత, జులై 22న, 76వ ఏట ఆస్‌బర్న్ కన్నుమూశాడు. ఒకప్పుడు వీరిని చూసి ముఖం చిట్లించిన నగరమే 2019లో ఒక వంతెనకు వీరి పేరు పెట్టింది. 2023లో నగర బాలే సంస్థ వీరి సంగీతంపై నృత్యరూపకం ప్రదర్శించింది. 2025లో నలుగురికీ నగర పౌరసత్వ గౌరవం అందించింది.

మనం గ్రహించవలసినది

ఆస్టన్‌లో ఈనాడు దక్షిణాసియా మూలాలు గల కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసిస్తున్నాయి. మన చందానగర్ కూడా ఆస్టన్‌కు దూరపు బంధువువంటిదే. పడమట రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్., దానికి ఆవల పటాన్‌చెరు పారిశ్రామికవాడ. తూర్పున హైటెక్ సిటీ భవనాలు. మన విద్యార్థులలో కొందరు కంప్యూటర్ల ముందు కూర్చుంటారు, కొందరు యంత్రాల ముందు నిలుచుంటారు.

అయోమీ కథను చెప్పి, కష్టాలు మనిషికి వరాలని ముగించడం సులభం. కాని అది న్యాయం కాదు. గాయం వరం కాదు. అది జరగకూడని ప్రమాదం. అలవాటు లేని కుర్రవానిని ప్రమాదకర యంత్రం ముందు నిలబెట్టడం నేరం. మన దేశంలో 1948 నాటి కర్మాగారాల చట్టమే ప్రమాదకర యంత్రభాగాలకు కంచె ఉండాలని, శిక్షణ లేని చిన్నవయస్కులను అట్టి యంత్రాలపై పెట్టరాదని నిర్దేశించింది. రెండు చేతులతో రెండు మీటలు ఒకేసారి నొక్కితే తప్ప కదలని ప్రెస్సులు ఈనాడు ఉన్నాయి. పనిలో చేరే ప్రతి విద్యార్థి, "నాకీ యంత్రం తెలియదు, ముందు నేర్పండి" అని అడిగే ధైర్యం కలిగి ఉండాలి. వేళ్ళు తెగిన వారందరూ అయోమీలు కాలేదు. వారి పేర్లు ఏ వంతెనపైనా లేవు.

కళాశాల సమితి పెద్దలకు ఒక చిన్న విన్నపం. వార్షికోత్సవ వేదికపై గాయనీ గాయకుల పేర్లు ప్రకటిస్తాం, కరపత్రంలో ముద్రిస్తాం. తబలా, హార్మోనియం, గిటార్ వాయించిన విద్యార్థులు మాత్రం 'వాద్య సహకారం' అన్న ఒక్క మాటలో కలిసిపోతారు. ఇకముందు వారి పేర్లను కూడా ముద్రింపించగోరుతున్నాను. బట్లర్ మాటలు, అయోమీ స్వరాలు, వార్డ్ లయ లేకపోతే ఆస్‌బర్న్ గొంతు లోకానికి వినిపించేదా?

ఇక రైలులో పక్కవాని ఇయర్‌ఫోన్ల నుండి ఆ లోహనాదం వినిపించినప్పుడు, నచ్చకపోతే నచ్చలేదనవచ్చు. అభిరుచి ఎవరిది వారిదే. కాని అది రేకుల కార్ఖానా అని మాత్రం పరిహాసంగా అనవద్దు. అక్కడి నుండి వచ్చిన ఒక చేయి దానిని ఎంత శ్రమపడి సంగీతంగా మార్చిందో మనకిప్పుడు తెలుసును.